ఇంటి లెక్కలు: అత్తమ్మ పెట్టెలో హాలీ రూపాయి

పండగ వస్తుందంటే అటకలు దులుపుతాం కదా! ఆ దులుపుడులో ఏ పాత ట్రంకు పెట్టె అడుగునో, పట్టుచీర మడతలోనో చిన్న గుడ్డ మూట ఒకటి చేతికి తగులుతుంది. విప్పి చూస్తే నల్లబడ్డ రూపాయి బిళ్ళలు. ఒక వైపు చార్మినార్ బొమ్మ, రెండో వైపు మనకు చదవరాని అక్షరాలు. "ఇవేంటి అత్తమ్మా?" అని అడిగితే "అవి హాలీ రూపాయలు బిడ్డా, మా అమ్మ పెట్టింది" అంటారు. మళ్ళీ మూట కట్టి అక్కడే పెట్టేస్తాం. మన తెలంగాణలో ఈ మూట ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు.

ఆ రూపాయి ఇప్పుడు చెల్లుతుందా? చెల్లదు. మరి దాని విలువ ఎంత? ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం వల్ల ఆడవాళ్ళం ఎంత నష్టపోతామో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను.

మా కీసరలోనే, మా వీధి చివర ఉండే ఒకావిడ, పాత సామాన్లకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి వస్తే అత్తగారి మూటలోని పదకొండు హాలీ రూపాయలు ఇచ్చేసి రెండు స్టీలు బిందెలు తీసుకుంది. "నల్లగా ఉన్నయి, ఎవరికి కావాలె, బిందెలన్నా వచ్చినయి" అని సంబరపడింది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. పదకొండు రూపాయల్లో ఉన్న అచ్చమైన వెండి వంద గ్రాముల పైమాటే. అంటే పది తులాలు! ఆమె ముఖం చిన్నబోయింది. పోయిన వెండి కంటే, "అది మా అత్తమ్మ ఒక్కొక్కటీ దాచుకున్న సొమ్ము" అన్న మాటే నా మనసులో ఉండిపోయింది. మీకు అలా జరగకూడదనే ఈ వారం ఈ లెక్క.

ఎక్కడిదీ హాలీ రూపాయి?

నిజాం రాజ్యానికి సొంత రైలు ఉండేది, సొంత తపాలా బిళ్ళ ఉండేది, సొంత డబ్బూ ఉండేది. హైదరాబాదులో 1803లో సికందర్ జా కాలంలో ప్రభుత్వ టంకశాల పెట్టారు. అప్పట్లో నాణెం ఇక్కడ కొట్టినా దాని మీద పేరు ఢిల్లీ మొగలు చక్రవర్తిదే. 1857 తిరుగుబాటు తర్వాత ఆ చక్రవర్తే లేకుండా పోయాడు. అప్పుడు నిజాము తన వంశ మూలపురుషుడు ఆసఫ్ జా పేరుతో నాణేలు కొట్టించడం మొదలుపెట్టాడు. వాటికే 'హాలీ సిక్కా' అని పేరు. 'హాలీ' అంటే ఇప్పుడు నడుస్తున్నది, 'సిక్కా' అంటే నాణెం. ఇప్పుడు నడవని డబ్బుకు 'నడుస్తున్నది' అని పేరుండటం విచిత్రమే మరి!

అంతకుముందు గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలు ఉండేవి. ఒక ఊరి రూపాయికీ మరో ఊరి రూపాయికీ తూకం, మెరుగు తేడా ఉంటే జనానికి ఎంత చిక్కు! దివాను మొదటి సాలార్ జంగ్ కాలంలో ఈ గందరగోళాన్ని తగ్గించి, నాణేల పని రాజధానికి చేర్చారు.

మొదట సుత్తితో కొట్టిన నాణేలు వచ్చేవి. అంచులు వంకర టింకరగా, అక్షరాలు సగం సగం పడి ఉంటాయి. తర్వాత యంత్రాలు వచ్చాయి. 1903లో సైఫాబాదులో కొత్త టంకశాల పనిలోకి వచ్చింది. ఆ వెంటనే ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మ రూపాయి మీదికి ఎక్కింది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ అదే బొమ్మ కొనసాగించాడు. అందుకే పెద్దవాళ్ళు దీన్ని ఉస్మానియా సిక్కా అని కూడా అంటారు.

ఏడుకు ఆరు

బ్రిటిషు వాళ్ళ రూపాయిని మన వైపు 'కల్దారు' అనేవారు. హాలీకీ కల్దారుకీ మారకం ఏడుకు ఆరు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు. వంద కల్దారుకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు హాలీ. అప్పట్లో అణాకు పన్నెండు పైసలు, రూపాయికి పదహారు అణాలు.

ఈ లెక్క వింటే మీకు ఏదో గుర్తుకు రావాలి. అవును, చదివింపుల్లో నూటపదహార్లు! బ్రిటిషు వంద ఇక్కడ నూట పదహారు అయ్యేది కాబట్టే ఆ ఆచారం వచ్చిందని పెద్దలు చెప్పే మాట ఒకటుంది. అయితే హాలీ నడవని కోస్తా జిల్లాల్లోనూ నూటపదహార్లు చదివిస్తారు. కాబట్టి దాన్ని పెళ్ళి పందిట్లో చెప్పుకునే సరదా ముచ్చటగానే ఉంచుకుందాం.

ఏడుకు ఆరు అని ఎవరో మొక్కుబడిగా పెట్టిన ధర కాదు. గృహిణులం, తూకం మనకు తెలిసిన విద్యే. చూడండి. కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వందకు దాదాపు 92 పాళ్ళు వెండి. అంటే అచ్చమైన వెండి 10.69 గ్రాములు. మన హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వందకు దాదాపు 82 పాళ్ళు వెండి. అంటే 9.14 గ్రాములు. ఇప్పుడు ఆరు కల్దారుల వెండి కూడండి, 64 గ్రాములు. ఏడు హాలీల వెండి కూడండి, అదీ 64 గ్రాములే! షరాబు త్రాసులో రెండు పళ్ళేలూ సమంగా నిలిచాయి కాబట్టే మారకం అలా నిలిచింది. డబ్బు విలువ దాని మీది బొమ్మలో కాక దానిలోని లోహంలో ఉన్న రోజులవి.

బెజవాడ వైపు అమ్మాయిని ఇచ్చినా, బొంబాయికి సరుకు కొనడానికి వెళ్ళినా డబ్బు మార్చుకోవాల్సిందే. మార్చినవాడికి వట్టం ఇవ్వాల్సిందే. ఏడు వందల హాలీ తీసుకుని బయల్దేరిన తండ్రి చేతిలో సరిహద్దు దాటాక ఆరు వందలే. కట్నకానుకల మాట వచ్చినప్పుడు 'హాలీయా, కల్దారా' అని ముందే తేల్చుకోకపోతే వందకు పద్నాలుగు రూపాయల తేడా వచ్చేది మరి!

కాగితం నోటు, సముద్రం అడుగు

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చింది. అందుకని 1918లో నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లు తెచ్చింది. తన సొంత కాగితం నోట్లు ఇలా నడుపుకున్న సంస్థానం మన దేశంలో అరుదు. నోటు మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలూ ఉండేవి. చదువు రాని అవ్వకు కాకపోయినా, చదువు వచ్చిన ఆమె కొడుకుకు నోటు విలువ తన భాషలోనే కనిపించేది.

ఈ నోట్లు లండనులో వాటర్లో కంపెనీ అచ్చు వేసి ఓడలో పంపేది. 1922 మే 20న 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర మంచులో దారి కనపడక మరో ఓడ ఢీకొని మునిగిపోయింది. అందులో టన్నుల కొద్దీ బంగారం, వెండితో పాటు మన హైదరాబాదు నోట్లు కూడా ఉన్నాయి. దాదాపు పదేళ్ళ తర్వాత ఇటలీ వాళ్ళు లోతు నీళ్ళలోకి దిగి బంగారం పైకి తీస్తుంటే, దాంతో పాటు ఆ నోట్లూ పైకి వచ్చాయి! సంతకాలు పడని ఆ నోట్లు డబ్బుగా ఎన్నడూ నడవలేదు. కానీ ఈనాడు పాత నోట్లు సేకరించేవాళ్ళు వాటి కోసం పోటీ పడతారు. నడిచిన నోటు కంటే నడవని నోటుకే గిరాకీ! చెల్లుబాటు వేరు, విలువ వేరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఎలా పోయింది?

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950లో భారత రూపాయి ఇక్కడికి వచ్చింది. వెంటనే హాలీని తీసేయలేదు. కొన్నేళ్ళు రెండూ పక్కపక్కనే నడిచాయి, అదే ఏడుకు ఆరు లెక్కన. 1959తో హాలీ చెల్లుబాటు పూర్తిగా పోయింది.

ఆ మధ్యలోనే 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. మన అవ్వల అవస్థ ఊహించండి! పదేళ్ళ లోపల ఒకసారి హాలీని భారత రూపాయిలోకి, ఇంకోసారి అణాల్ని పైసల్లోకి మార్చుకుని కూరగాయలు కొన్నారు. బడికి వెళ్ళని చాలామంది అవ్వలు ఈ రెండు లెక్కలూ నోటితోనే వేసేవారు. ఇప్పటికీ మన మాటల్లో ఆ డబ్బు బతికే ఉంది. పని చిన్నది, ఖర్చు పెద్దది అయితే 'చారానా కోడికి బారానా మసాలా' అనమూ? చారానా అంటే నాలుగణాలు, బారానా అంటే పన్నెండు అణాలు.

డబ్బుకు చావు కొత్త కాదు. మనం చూస్తుండగానే 2011 జూన్ 30తో పావలా బిళ్ళ పోయింది. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు పోయాయి. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో దాచుకున్న నోట్లు ఆ రాత్రి ఎంతమంది ఆడవాళ్ళ చేత బయటికి వచ్చాయో మనకు తెలుసు. డిసెంబరు 30 లోగా బ్యాంకులో వేసినవాళ్ళు బయటపడ్డారు. తర్వాత ఏ చీర మడతలోనో దొరికిన నోటు కాగితమే అయింది.

స్పెయిన్ అక్కల కథ కూడా ఇదే

దూరదేశం స్పెయిన్ సంగతి చూడండి. అక్కడ 1868 నుంచి 'పెసెటా' అనే డబ్బు నడిచింది. యూరప్ దేశాలు చాలా కలిసి యూరో అనే ఒకే డబ్బు పెట్టుకున్నప్పుడు పెసెటా పక్కకు తప్పుకుంది. ఒక యూరోకు 166.386 పెసెటాలు అని ధర ఖాయం చేశారు. వెయ్యి పెసెటాల నోటు ఇస్తే ఆరు యూరోలు, పైన ఒక సెంటు. 2002 ఫిబ్రవరి ఆఖరుతో బజారులో పెసెటా నడవడం ఆగింది. కానీ వాళ్ళ ప్రభుత్వ బ్యాంకు దాదాపు ఇరవై ఏళ్ళ పాటు, 2021 జూన్ 30 వరకు, పాత పెసెటాలు తీసుకుని యూరోలు ఇస్తూనే వచ్చింది. కోటు జేబుల్లో, పుస్తకాల మధ్య, చనిపోయిన అమ్మమ్మల బీరువాల్లో దొరికినవి పట్టుకుని ఆఖరి రోజుల్లో జనం వరస కట్టారు. అయినా నూట యాభై కోట్ల యూరోలకు పైగా విలువ చేసే పెసెటాలు తిరిగి రానే లేదు.

స్పెయిన్ ఇల్లాలికి ఆ అవకాశం 2021లో మూసుకుపోయింది. మనకు 1959లోనే మూసుకుపోయింది. ఇప్పుడు వాళ్ళూ మనమూ ఒకే గట్టు మీద ఉన్నాం. కొందరు ఏజెంట్లు 'హాలీకి ఇప్పటికీ రిజర్వు బ్యాంకులో రేటుంది' అని చెబుతారు. నమ్మకండి. ఏ బ్యాంకూ హాలీ తీసుకుని రూపాయలు ఇవ్వదు.

మరి ఇప్పుడు విలువ ఎంత?

మూడు రకాలుగా చూడాలి.

మొదటిది లోహం విలువ. ఇది మీరే కట్టుకోవచ్చు. పూర్తి రూపాయి 11.178 గ్రాములు, అర్ధ రూపాయి 5.589 గ్రాములు, నాలుగణాల బిళ్ళ 2.794 గ్రాములు, రెండణాల బేడ 1.397 గ్రాములు. మంచి వెండి కాలంలో కొట్టినదైతే తూకాన్ని 0.818 పెట్టి గుణించండి. వచ్చినది అచ్చమైన వెండి. ఆ రోజు పేపర్లో పడిన గ్రాము వెండి ధరతో గుణిస్తే లోహం విలువ తేలుతుంది. కరిగించే కొట్టువాడు కొంత తరుగు తీస్తాడు, అది మామూలే.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940ల్లో, రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. అవి అయితే 0.818 బదులు సగమే లెక్కించాలి, అంటే రూపాయికి 5.6 గ్రాములు. ఆఖరి రోజుల్లో చిల్లర బిళ్ళలు వెండి లేకుండా నికెల్‌తోనే వచ్చాయి. వాటికి లోహం ధర అంటూ పెద్దగా లేదు. నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది, వెండిని లాగదు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతంతోనే మీరు చూసుకోవచ్చు.

నిజాం బంగారు నాణెం అష్రఫీ దొరికిన ఇల్లు అదృష్టవంతురాలే. దాని తూకమూ రూపాయంతే, 11.178 గ్రాములు. అందులో అచ్చమైన బంగారం పది గ్రాముల పైమాట. అర్ధ, పావు, అరపావు అష్రఫీలూ ఉన్నాయి. అరపావు అష్రఫీ బేడ బిళ్ళంత చిన్నగా ఉంటుంది కాబట్టి పసుపుపచ్చగా కనిపించే చిన్న బిళ్ళను ఇత్తడి అని పారేయకండి. షరాబుకు చూపించండి.

రెండోది సేకరించేవాళ్ళు ఇచ్చే ధర. ఇది సంవత్సరాన్ని బట్టి, అరుదును బట్టి, అన్నిటికంటే ముఖ్యంగా నాణెం ఎంత శుభ్రంగా, అరగకుండా ఉందనేదాన్ని బట్టి మారుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రూపాయలు లక్షల్లో కొట్టారు కాబట్టి మామూలువి దొరుకుతూనే ఉంటాయి. వాటికి వెండి ధర కంటే కొంచెం ఎక్కువ వస్తుందంతే. కోటీశ్వరులను చేసేవి కావు. నోట్లకైతే లోహం లేదు, ఈ రెండో ధరే దిక్కు. మడత లేని నోటుకూ, నలిగి చిరిగిన నోటుకూ ఎంతో తేడా ఉంటుంది.

మూడోది ఇంటి విలువ. వరలక్ష్మి వ్రతం కలశంలో వేసే రూపాయి, మనవడి అన్నప్రాశనకు పట్టించే రూపాయి, అమ్మమ్మ చేతి మీదుగా అమ్మకు, అమ్మ నుంచి మీకు వచ్చిన రూపాయి. దీనికి ధర కట్టేవాడు లేడు. కానీ అమ్మాలా వద్దా అని నిర్ణయించుకునేటప్పుడు మీరే కట్టుకోవాలి.

బిళ్ళను చదవడం ఎలా?

ఉర్దూ రాకపోయినా ఫరవాలేదు. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. తలకాయ గుండ్రంగా ముడేసి తోక దిగినట్టు ఉంటే మీమ్. నోరు తెరిచిన కొక్కెంలా ఉంటే ఐన్.

అంకెలు కూడా నాలుగు గుర్తులు పెట్టుకుంటే చాలు. నిలువు గీత ఒకటి. చుక్క పెడితే సున్నా. సున్నాలా గుండ్రంగా కనిపించేది అయిదు. ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటే ఏడు, దాన్ని తిరగేసినట్టుంటే ఎనిమిది. సంవత్సరం హిజ్రీది. 1321 అంటే మన 1903-04, 1330 అంటే 1911-12, 1361 అంటే 1942. కాబట్టి 1361 దాటి కనిపిస్తే వెండి తగ్గిన రోజులవేమో అని అనుమానించండి. నాణెం మీద 92 అనే అంకె కూడా కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతిలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే సంఖ్య అది.

లక్షల ఆశ చూపే ఫోన్లు

'చార్మినార్ బొమ్మ రూపాయికి అయిదు లక్షలు' అని సెల్‌ఫోన్లో ప్రకటన వస్తుంది. ఫోటో పంపమంటారు. పంపగానే 'అబ్బ, మీది చాలా అరుదైనదమ్మా' అంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అని రెండు వేలు, పన్ను అని అయిదు వేలు, కమీషన్ అని పది వేలు. నాణెం మన దగ్గరే ఉంటుంది, మన బ్యాంకులో డబ్బు మాత్రం పోతుంది. కొందరైతే రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర కూడా వాడుకుంటున్నారు. అందుకే 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్వయంగా ప్రకటన చేసింది. పాత నోట్లు, నాణేల అమ్మకాలు కొనుగోళ్ళతో తనకు సంబంధం లేదని, తాను ఏ ఫీజూ కమీషనూ అడగనని, తన పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది.

గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. కొనేవాడు మనకు డబ్బివ్వాలి, అమ్మేవాళ్ళం మనం ఎదురివ్వడం ఏమిటి? ఎవరైనా ముందు మనల్ని డబ్బు కట్టమన్నారంటే అక్కడే ఫోను పెట్టేయండి. ఓటీపీ, బ్యాంకు నంబరు ఎవరికీ చెప్పకండి.

చింతపండు పెట్టి తోమకండి

మన చేతులు ఊరుకోవు. నల్లగా కనిపిస్తే చాలు, చింతపండో, నిమ్మచెక్కో, విభూతో తీసుకుని తళతళలాడేట్టు తోమేస్తాం. వెండి కంచానికి అది మంచిదే. పాత నాణేనికి మాత్రం కీడు. ఆ నలుపు దాని వయసు. తోమిన గీతలు పడిన నాణేనికి సేకరించేవాళ్ళు ధర తగ్గించేస్తారు. మట్టి ఉంటే మంచినీళ్ళలో ముంచి తీసి, మెత్తటి పాత నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి.

దాచేటప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా తెల్ల కాగితంలోనో నూలుగుడ్డలోనో చుట్టండి. రబ్బరు బ్యాండు వేయకండి, దాని వల్ల వెండి ఇంకా నల్లబడుతుంది. కలశంలో వేసిన రూపాయికి పసుపు కుంకుమ అంటితే పూజ అవగానే నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. పూజకు ఒకటి విడిగా పెట్టుకుని మిగతావి ముట్టుకోకపోవడం ఇంకా మంచిది. నోట్లయితే మడవకుండా పుస్తకంలో పరిచి పెట్టండి. చిరిగిందని సెల్లోటేపు మాత్రం వేయకండి.

కొక్కెం అతికించి దండకు గుచ్చిన రూపాయలు ఉంటాయి. మన వైపు తండాల్లో లంబాడా ఆడవాళ్ళ సొమ్ముల్లో కూడా పాత రూపాయి బిళ్ళలు కనిపిస్తాయి. వాటికి సేకరణ ధర తగ్గినా వెండి విలువ అలాగే ఉంటుంది. దండ విప్పి కొక్కేలు పీకితే నాణెమూ పాడు, నగా పాడు. అలాగే ఉంచండి.

చట్టం మాట కూడా

ఇంట్లో తరతరాలుగా వచ్చినవి మీవే. కానీ పునాది తవ్వుతుంటే, పొలం దున్నుతుంటే కుండలో దొరికినవి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. మా కీసరగుట్ట మీద పురావస్తు శాఖ తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు, నాణేలు బయటపడ్డాయి. అలాంటి చోట దొరికిన చిన్న బిళ్ళ కూడా పదిహేను వందల ఏళ్ళ చరిత్ర చెబుతుంది. దాన్ని కరిగిస్తే మిగిలేది పిసరంత లోహమే.

ఇంకొకటి. వందేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. వాటిని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కోడలికి అవ్వ గుర్తుగా పంపాలని సూట్‌కేసులో పెట్టకండి. వచ్చినప్పుడు ఇక్కడే చూపించండి.

అమ్మాల్సి వస్తే

అవసరం అందరికీ వస్తుంది. పిల్ల ఫీజు కోసం, ఆస్పత్రి కోసం అమ్మడం తప్పు కాదు. అయితే ముందు ఇంట్లో లెక్క కట్టుకుని వెళ్ళండి. కనీసం రెండు చోట్ల చూపించండి. తూకం మీ కళ్ళ ముందు వేయించండి. బిల్లు అడగండి. ఇంటి గుమ్మంలోకి వచ్చి గిన్నెలకు, బకెట్లకు అడిగేవాళ్ళకు ఇవ్వకండి.

కొనాలన్న సరదా ఉంటే ఇంకా జాగ్రత్త. నకిలీ చార్మినార్ రూపాయలు కూడా ఉంటాయి. తూకం 11.178కి చాలా తక్కువో ఎక్కువో ఉంటే వదిలేయండి. పిల్లలకు చూపించాలంటే కొనక్కర్లేదు కూడా. సైఫాబాదులోని పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలోనూ నాణేలున్నాయి. సెలవుల్లో ఒక పూట పిల్లలను తీసుకెళ్ళండి.

అన్నట్టు, ఆ సైఫాబాదు టంకశాల పని 1997 నుంచి చర్లపల్లికి మారింది. మా కీసరకు దగ్గరే. ఇప్పుడు మీ పర్సులోని రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం గుర్తుంటే అది మన హైదరాబాదు టంకశాలలో కొట్టిందే. అంటే సికందర్ జా కాలంలో మొదలైన పని ఇంకా ఆగలేదన్నమాట. పేరు మారింది, ఊరు మారింది, బొమ్మ మారింది.

ఈ ఆదివారం తీరిక చేసుకుని ఒక పని చేయండి. అత్తమ్మ దగ్గర కూర్చుని ఆ మూట విప్పండి. ఎన్ని ఉన్నాయి, ఏ సంవత్సరానివి, తూకం ఎంత, ఎవరి దగ్గరి నుంచి వచ్చాయి, ఎవరికి ఇవ్వాలని ఆమె కోరిక - ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, కింద తేదీ వేసి, మూటతో పాటే పెట్టండి. లెక్క రాసి ఉన్న సొమ్మును ఎవరూ బిందెకు తూచి పట్టుకుపోలేరు.